ఫైబర్ బోటు అమరం పలకలో చెక్క చివికింది: పైన మ్యాట్ వేస్తే సరిపోతుందా?

సోనాపూర్ రేవు:

పెద్దలకు నమస్కారం. మాది గంజాం జిల్లా, బాహుదా నది సముద్రంలో కలిసే చోట ఉన్న సోనాపూర్. మాకు 31 అడుగుల ఫైబర్ బోటు ఉంది. దాని అమరం పలకకు, అంటే బోటు వెనక భాగాన్ని మూసే పలకకు, 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డు మోటారు బిగించి నడుపుతున్నాం. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే మోటారు దించి చూస్తే, బిగింపు మరలు పలకలోకి దిగబడి గుంటలు చేసి ఉన్నాయి. నీరు వదిలే బిరడా రంధ్రం పక్కన స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. దాని వెంటే టీ డికాషన్ రంగు నీరు పులిసిన వాసనతో కారడం మొదలై రెండు రోజులైనా ఆగలేదు. పై ఫైబర్ పొర మాత్రం చూడటానికి కొత్తదానిలాగే ఉంది.

మా మేస్త్రి పలకకు రంధ్రాలు వేసి రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం) పోసి, పైన రెండు పొరల మ్యాట్ (గాజు నారల పరుపు) వేస్తే రెండు రోజుల్లో పని అయిపోతుందంటున్నారు. మా నాన్నగారు మాత్రం చెక్క మొత్తం తీయించమంటున్నారు. నిషేధం 61 రోజులు, అందులో ఇరవై ఇప్పటికే గడిచాయి. జూన్ 14 తరువాత బోటు దింపాలి. ఎవరి మాట వినాలి?

రంభ వడ్రంగి:

మీ నాన్నగారి మాట వినండి తమ్ముడూ. నానిన చెక్కలోకి రెజిన్ దిగదు, ఎందుకంటే అది పోవలసిన చోటంతా నీరే ఉంది. పోసిన రెజిన్ రంధ్రం చుట్టూ నాలుగు ముద్దలుగా గట్టిపడి, మిగిలిన పుచ్చు దాని మానాన అది సాగుతూనే ఉంటుంది. మోటారు తోసే బలాన్నంతా భరించేది ఆ పలకే. అది లొంగిందంటే మోటారు పలకతో సహా సముద్రం పాలవుతుంది.

ముందు పుచ్చు ఎంతమేరకు ఉందో తేల్చండి. చిన్న సుత్తితో పలకంతా అంగుళం అంగుళం తడుతూ పోతే, గట్టి చెక్క ఉన్నచోట మోత ఖంగుమంటుంది, చివికినచోట అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. అనుమానం ఉన్నచోట లోపలి వైపు నుంచి సన్నని బరమాతో రంధ్రం వేసి, రాలిన పొట్టును అరచేతిలో నలిపి చూడండి. తెల్లగా పొడిగా ఉంటే మంచి చెక్క, నల్లగా ముద్ద కడితే పోయిన చెక్క. బోటు అడుగున పొడవునా పోయే దూలాలు పలకను ఆనుకునే మూలల్ని కూడా ఇలాగే పరీక్షించండి, ఎందుకంటే పుచ్చు అక్కడి నుంచి ముందుకు పాకుతుంది.

బయటి ఫైబర్ పొరను కదపకుండా లోపలి పొరను కోయండి. బోటు ఆకారాన్ని బయటి పొర నిలబెడుతుంది, కొత్త పలకకు అచ్చుగానూ పనికొస్తుంది. కోసే ముందు బోటు అడుగున సమంగా దిమ్మలు పెట్టి, రెండు పక్క గోడల మధ్య అడ్డంగా ఒక కర్ర బిగించండి. లేకపోతే పలక తీయగానే గోడలు విచ్చుకుంటాయి. గ్రైండర్ చక్రం ఫైబర్ మందం మేరకే దిగాలి. చుట్టూ మూడంగుళాల అంచు వదిలితే కొత్త పొర దాని మీదికి ఎక్కుతుంది. ఆ అంచును మందానికి పన్నెండు రెట్ల వెడల్పున వాలుగా అరగదీయాలి, అంటే 5 మిల్లీమీటర్ల పొరకు 60 మిల్లీమీటర్ల వాలు. తొందరలో చాలామంది ఎగ్గొట్టేది ఈ అరగదీతనే. తరువాత మీ మోటారు షాఫ్టుకు సరిపడే పలక ఎత్తు, పైఅంచు వంపు తప్పకుండా పాత పలక కొలతను అట్ట మీద గీసి పెట్టుకోండి.

కొత్త చెక్కకు ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న మెరైన్ ప్లైవుడ్ కొనండి. పాత పలక మందం ఎంతో కొలిచి, రెండు షీట్లను అతికించి అంతే మందం చేయండి. తక్కువైతే మోటారు బిగింపు కుదరదు. షీటు అంచులను, రంధ్రాల లోపలి గోడలను రెజిన్‌తో తడిపి మూసేయడం మరిచిపోకండి, ప్లైవుడ్ నీరు తాగేది అంచుల్లోంచే.

గోపాల్‌పూర్ తీరం:

అన్నగారి మాటల్లో ఒక్కటి మార్చవలసి ఉంది. కొన్ని బోట్లలో వెనక వైపు నీటితొట్టి, సామాన్ల గది లాంటివి పలకకు అడ్డంగా ఉంటాయి, లోపలి నుంచి గ్రైండర్ చేయి ఆడదు. అటువంటప్పుడు బయటి పొరనే కోసి తీయడం మేలు. నేను అలాగే చేశాను. ఆకారం పోకుండా, కోసిన బయటి పొరనే తిరిగి అతికించి, కోత చుట్టూ వాలు తీసి పైన కొత్త పొరలు వేసుకున్నాను.

నా తప్పు కూడా చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది. మొదటిసారి కుళ్ళు తీసిన తరువాత మూడు రోజులు ఎండబెట్టి, చేతితో తాకితే పొడిగా ఉందని నమ్మి పని ముగించాను. ఏడాది తిరగకుండానే పొర లేచి బుడగలు కట్టింది. అప్పుడు తెలిసింది, సముద్రపు నీరు ఎండిపోయినా ఉప్పు మిగిలి ఉంటుంది, ఆ ఉప్పు గాలిలోని తేమను మళ్ళీ పీలుస్తుంది. అందుకే ముందు మంచినీటితో రెండు మూడు సార్లు కడగాలి, ఆ తరువాతే ఆరబెట్టాలి. ఆరిందో లేదో చూడటానికి పాలిథిన్ షీటు ముక్కను ఆ చోట నాలుగు పక్కలా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున షీటు లోపలి వైపు చెమట పట్టి కనిపిస్తే ఇంకా తేమ ఉన్నట్టే.

అతికింపు విషయంలో నా మాట ఒకటే: ప్లైవుడ్‌ను పాలిస్టర్ రెజిన్‌తో కాక ఎపాక్సీ రెజిన్‌తోనే అతికించండి. ఖరీదు ఎక్కువే. కానీ చెక్కను ఎపాక్సీ పట్టినంత గట్టిగా పాలిస్టర్ పట్టదు. అయితే ఎపాక్సీ గట్టిపడిన తరువాత దాని మీద పాలిస్టర్ సరిగ్గా అంటదు, కాబట్టి పై పొరలు కూడా ఎపాక్సీతోనే వేయాలి. ఇంకొక చిక్కు ఉంది: మన దుకాణాల్లో అమ్మే ముక్కల మ్యాట్‌లో గాజు నారలను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రవానికి కరుగుతుంది గాని ఎపాక్సీకి కరగదు, మ్యాట్ బిరుసుగా ఉండిపోయి మూలల్లో ఒదగదు. ఎపాక్సీకి నేసిన గాజుబట్ట కొనండి. పాత పాలిస్టర్ మీద ఎపాక్సీ చక్కగా పట్టుకుంటుంది, దానికి భయం లేదు.

ఇచ్ఛాపురం పక్కన:

రెజిన్ పని చేసే కుర్రాళ్ళకు ఒక్క మాట. పాలిస్టర్‌ను చిన్న పనికి వాడినా సరే, కోబాల్టును (గట్టిపడటాన్ని వేగం చేసే మందు), క్యాటలిస్టును (గట్టిపరిచే మందు) నేరుగా కలపరాదు, మంట లేచి పేలుతుంది. కోబాల్టు ముందు రెజిన్‌లో కలిసిపోవాలి, క్యాటలిస్టు ఆ తరువాతే. మే నెల ఎండలో క్యాటలిస్టు ఒక శాతం చాలు. ఎక్కువైతే బ్రష్ ముంచేలోపే డబ్బా వేడెక్కి గడ్డకడుతుంది. ఎపాక్సీ అయినా ఒకేసారి ఎక్కువ కలపకండి. గ్రైండింగ్ పొడికి మాస్కు, కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. దురద పెడితే గోకకుండా చన్నీళ్ళతో కడగండి.

సోనాపూర్ రేవు:

అందరికీ కృతజ్ఞతలు. మా మేస్త్రిగారికి కూడా మీ మాటలు చదివి వినిపించాను; ఆయన కొంచెం గొణిగినా గ్రైండర్ ఆయనే పట్టుకున్నారు. లోపలి పొర తీయగానే పలక కింది సగం తడిసిన టీపొడిలా చేతికి వచ్చింది, పైసగంలో బిగింపు మరల చుట్టూ మాత్రమే చివికింది. నీరు ఎక్కువగా దిగింది మోటారు దగ్గర కాదు, బిరడా రంధ్రంలోంచే. రంధ్రం గోడకు రెజిన్ పూత లేకుండా ఉత్త చెక్కే బయటికి కనిపిస్తోంది. కొత్త పలకలో ఆ రంధ్రాన్ని ఎలా మూయాలి?

రంభ వడ్రంగి:

కావలసిన కొలత కంటే పెద్దగా తొలిచి, సిలికా పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో ఆ తొర్ర మొత్తం నింపండి. పూర్తిగా గట్టిపడిన తరువాత సరిగ్గా మధ్యలో మళ్ళీ మీ కొలతకు రంధ్రం వేస్తే, చుట్టూ చెక్క కనపడకుండా గట్టి ఎపాక్సీ గొట్టం మిగులుతుంది. మోటారుకు బోల్టులు కూడా వేసేట్టయితే 12 మిల్లీమీటర్ల బోల్టుకు 20 మిల్లీమీటర్లు తొలచాలి.

సోనాపూర్ రేవు:

అలాగే చేస్తాం అన్నగారూ. పాలిథిన్ అంటించి చూస్తే నిన్న పొద్దున నీటి బొట్లు ఉన్నాయి, ఈ పొద్దున కూడా అంచుల్లో కొద్దిగా ఉన్నాయి. ప్లైవుడ్ కోసి పక్కన పెట్టాం, ఆ చెమ్మ పోయేదాకా రెజిన్ డబ్బా తెరవం.