పత్తి నుసికి, వార్నిష్ వాసనకు ఒకే ఫిల్టర్ సరిపోతుందా?

ప్రశ్న: మాది వరంగల్, ఎనుమాముల మార్కెట్ దగ్గర. పత్తి వచ్చే రోజుల్లో కిటికీ తీస్తే మంచం మీద నుసి పేరుకుంటుంది. దానికి తోడు కింది వాటాలో తలుపులకు వార్నిష్ వేస్తున్నారు. మా ఆరేళ్ల పాపకు ఉబ్బసం. రాత్రంతా దగ్గుతుంటే పక్కనే కూర్చుంటున్నాను. సన్నటి దుమ్మును ఆపే హెపా ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం కొన్నాం. నుసి తగ్గింది, వాసన అలాగే ఉంది. యంత్రంలో లోపమా?

జవాబు: లోపం కాదమ్మా. హెపా 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలను 99.97 శాతం ఆపుతుంది. వార్నిష్ ఆవిరి అణువులు అంతకంటే ఎంతో చిన్నవి, దూరిపోతాయి. వాటిని పట్టేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే ఆవిరిని పట్టి ఉంచేలా తయారుచేసిన బొగ్గు. జాలీకి బొగ్గుపొడి అద్దిన పలుచటి పొర త్వరగా నిండిపోతుంది. కిలోల లెక్కన బొగ్గు గుళికలు ఉన్నదే చూడండి.

మరో జవాబు: ఓజోన్ వాయువు వదిలే యంత్రాల జోలికి మాత్రం వెళ్లకండి. ఉబ్బసం ఉన్న పిల్లలకు అది హాని.

అడిగినవారు: ధన్యవాదాలండి. బొగ్గు బరువు ఎంతో దుకాణంలో అడుగుతాను. ఈలోగా పాప బడికి వెళ్లిన వేళలోనే వార్నిష్ వేయమని కింది వాటా అక్కను ఈ సాయంత్రమే బతిమాలుకుంటాను.