నిపుణుల మాట మీద షేర్లు కొనొచ్చా?

మియాపూర్ మదుపరి: ఆఫీసులో లంచ్ దగ్గర రోజూ ఇదే చర్చ. ఒకరు టీవీలో చెప్పారని కొంటారు, ఇంకొకరు బ్రోకరేజ్ (షేర్లు కొని, అమ్మిపెట్టే సంస్థ) రిపోర్ట్ చూసి కొంటారు. మీరు ఎవరి మాట ఎంతవరకు వింటారు?

దిల్‌సుఖ్‌నగర్ టీచర్: నేను కొన్నాళ్లు కొనకుండా, టీవీ కాల్స్‌ని, అంటే ఏ షేరు ఎంతకు కొనాలో చెప్పే సలహాల్ని, నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. చిన్న కంపెనీ పేరు చెప్పగానే చాలాసార్లు ధర ఎగిరిపోతుంది. 200కి కొనండి, టార్గెట్ (లాభానికి అమ్మే ధర) 210, స్టాప్‌లాస్ (నష్టం పెరగకుండా అమ్మేసే ధర) 195 అన్నారనుకోండి. 5 రూపాయల రిస్క్‌కి 10 లాభం, బాగానే ఉంది. మన ఆర్డర్ 204 దగ్గర పడితే? 9 పోయే రిస్క్, వచ్చేది 6. సలహా అదే, లెక్క మాత్రం తలకిందులైంది. టార్గెట్ తగిలిన కాల్‌ని మర్నాడు గుర్తుచేస్తారు, స్టాప్‌లాస్ తగిలినదాని ఊసే ఉండదు.

అమీర్‌పేట రవ్వ: టెలిగ్రామ్ గ్రూపులతో ఇంకా జాగ్రత్త. మా బావగారికి ఒకతను సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ పంపాడు. సెబీ సైట్‌లో వెతికితే అది వేరే సంస్థది! రీసెర్చ్ అనలిస్ట్ నంబర్ ఐఎన్‌హెచ్‌తో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌ది ఐఎన్‌ఏతో మొదలవుతుంది. నంబర్‌తో పాటు పేరూ సరిపోవాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, అంటే షేర్ల రాబోయే ధర మీద చేసుకునే ఒప్పందాలు) కాల్స్ జోలికైతే అసలు వెళ్లొద్దు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93% మంది నష్టపోయారని సెబీయే తేల్చింది.

కోఠి పెద్దాయన: మన ఊళ్లోని ఐటీ కంపెనీ సత్యం సంగతి మరవకండి. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కి అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఛైర్మనే ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. లెక్కలే తప్పయితే అనలిస్ట్ మాత్రం ఏం చూడగలడు? అందుకే ఎవరు చెప్పినా ఒక్క షేర్‌లోనే ఉన్నదంతా పెట్టను.

నిజాంపేట్ సీఏ: పెద్దాయన మాట నిజమే, కానీ నిపుణుల్ని పూర్తిగా తీసిపారేయలేం. ఫార్మా షేర్లే చూడండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ తర్వాత 'ఫారం 483' వచ్చిందనగానే జనం టెన్షన్‌తో అమ్మేస్తారు. అది తనిఖీ అధికారి రాసిన లోపాల జాబితా మాత్రమే. కంపెనీ జవాబు సరిగా లేకపోతే వార్నింగ్ లెటర్ దాకా వెళ్లొచ్చు, కొత్త మందుల అనుమతులు ఆగొచ్చు. ఈ తేడా విడమర్చి, ఆ ప్లాంట్ నుంచి ఎంత ఆదాయం వస్తుందో చెప్పే అనలిస్ట్ మాటకు విలువుంది. నేను టార్గెట్ పట్టించుకోను, దాని వెనక ఊహలు చూస్తాను. ముందు చివరి పేజీ డిస్‌క్లోజర్లు చదువుతాను: అనలిస్ట్ దగ్గర ఆ షేర్లున్నాయా, ఆ బ్రోకరేజ్ ఆ కంపెనీ నుంచి ఫీజు తీసుకుందా అని.

మియాపూర్ మదుపరి: సీఏ గారూ, చాలా థ్యాంక్స్. నా దగ్గరా ఒక ఫార్మా షేర్ ఉంది, దాని రిపోర్ట్ ఈ రాత్రికే చూస్తాను. అవునూ, ఎప్పుడు అమ్మాలో కూడా చెప్పే రిజిస్టర్డ్ అనలిస్ట్‌కి ఫీజు కట్టినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?