పెపీనో ఎక్కిన రాజు: ఈ స్పానిష్ జంట పాదాలను తెలుగులోకి ఎలా తేవాలి?

"నీ ఎస్ కబాయో, నీ యెగ్వా, నీ పొయీనో,
ఎన్ ఎల్ కే వా మొంతాదో, కే ఎస్ పెపీనో."

ఒక పాత స్పెయిన్ వ్యంగ్య చిత్రం కింద ఉన్న ఈ పాదాలకు తెలుగు చెప్పమని అడిగారు కదా. మాటకు మాట అయితే తేలికే: "అతను ఎక్కింది గుర్రం కాదు, ఆడగుర్రం కాదు, గాడిదపిల్లా కాదు, అది కీరదోసకాయ." కానీ ఇంతటితో వదిలేస్తే ఇది పిల్లల పాటలా మిగిలిపోతుంది, అందులో ఉన్న కసి కనబడదు.

ఎక్కినవాడు జోసెఫ్ బోనపార్ట్, నెపోలియన్ అన్న. పోర్చుగల్ మీదికి పోతున్నామంటూ 1807 చివర్లో ఫ్రెంచి సైన్యం మిత్రుల్లా స్పెయిన్‌లోకి వచ్చి, కోటలు పట్టుకుని కూర్చుంది. 1808 మే 2న మాడ్రిడ్ జనం తిరగబడ్డారు, పట్టుబడినవాళ్లను ఆ రాత్రీ మర్నాడూ వరసగా నిలబెట్టి కాల్చేశారు. జూన్‌లో నెపోలియన్ తన అన్నను తెచ్చి సింహాసనం ఎక్కించాడు. ఫర్మానాల మీద ఆయన "హోసే నెపోలియన్ మొదటివాడు" (జోసెఫ్‌కు స్పానిష్ రూపం హోసే), జనం నోట్లో మాత్రం "పేపే". హోసే అనే పేరున్న ఎవరినైనా ఇంట్లోవాళ్లు పిలుచుకునే చనువు పేరు అది. పరాయి సైన్యం కాపలాలో కూర్చున్న రాజును "ఒరేయ్" అన్నంత తేలిగ్గా పిలవడం, నా దృష్టిలో అసలు దెబ్బ అక్కడే పడింది.

ఇక పెపీనో అంటే కీరదోసకాయ. పేపే అనే పేరుతో కలిపి వింటే "చిట్టి పేపే" అన్నట్టు కూడా వినిపిస్తుంది. పైగా ఆయన స్పెయిన్‌కు రాకముందు రెండేళ్లు ఇటలీలోని నేపుల్స్‌కు రాజు, అక్కడ జూసెప్పే (జోసెఫ్‌కు ఇటలీ రూపం) అనే పేరున్నవాళ్లను పెప్పీనో అనే పిలుస్తారు! స్పానిష్‌లో "నాకు ఒక పెపీనో అంత లెక్క" అంటే అసలు ఖాతరు చేయను అని. ఒక్క కూరగాయలో ఇన్ని పొరలున్నాయి.

ఇంకో పేరు ఇంతకన్నా ప్రసిద్ధం, "పేపే బొతేయా", అంటే సీసా పేపే. నిజానికి ఆయన పెద్దగా తాగేవాడు కాదు. 1809 ఫిబ్రవరిలో ఆయన ప్రభుత్వం పేకముక్కల మీదా సారాయి మీదా ఉన్న కట్టుబాట్లు సడలించింది, దాంతో ఆ పేరు ఇంకా బలపడింది. సీసాతో ఆయన్ను వేసిన ఒక బొమ్మ కింద "ఎవరి రాత వాళ్లది, నీ రాత చచ్చేదాకా తాగుబోతుగా ఉండటం" అని ప్రాసతో రాశారు. రెండు కళ్లూ బాగున్న మనిషిని ఒంటికన్నువాడు అని కూడా అన్నారు. ఇవన్నీ అబద్ధాలే, ఆ మాట దాచకూడదు. అయినా ఆ జనం కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది, ఎందుకంటే ఊళ్లో తుపాకులన్నీ అవతలి పక్షం చేతిలో ఉన్నప్పుడు చాలామందికి మిగిలింది ఆ నోరే. ఈ బొమ్మల్లో చాలావాటి మీద గీసినవాడి పేరు కూడా లేదు.

నా ప్రయత్నం ఇది. తెలుగు కతోలికులు జోసెఫ్‌ను జోజప్ప అంటారు కదా, దాన్ని కొంచెం మార్చాను:

"గుర్రమూ కాదు, గాడిదా కాదు,
జోసప్ప ఎక్కింది దోసకాయ చూడు."

ఆడగుర్రం పోయింది, కానీ పేరుకూ కాయకూ ఉన్న చుట్టరికం నిలబడింది. అది పోతే పద్యమే లేదు.

వ్యాఖ్య: మాస్టారూ, జోసప్ప బాగుంది. ఈ బొమ్మలు అప్పటి స్పెయిన్ చిత్రకారుడు గోయావేనా? జోసెఫ్‌ను "రేయ్ దె కోపాస్" (పేకలో కోపాస్ అనే రంగు రాజు) అని కూడా అన్నారట, దాన్ని ఆటీన్ రాజు అనొచ్చా?

జవాబు: గోయావి కాదండీ. ఆయన యుద్ధ చిత్రాల వరుస 82 అచ్చు పలకలు, 1810 ప్రాంతంలో మొదలుపెట్టాడు కానీ వాటిలో 80 అచ్చయి బయటికొచ్చింది 1863లో, ఆయన పోయిన 35 ఏళ్లకు. అప్పట్లో వీధి జనం చూసి నవ్వుకున్నవి ఈ పేరులేని కాయితాలే.

ఆటీన్ రాజు అంటే ఆట లెక్కకు సరిపోతుంది, పోర్చుగీసువాళ్లు ఆటీన్లను ఇప్పటికీ కోపాస్ అనే అంటారు. కానీ స్పానిష్ పేకలో ఆ రంగు గుర్తు నిజంగానే తాగే గిన్నె. మిగతావి నాణేలు, దుడ్డుకర్రలు, కత్తులు. కత్తులంటే ఎస్పాదాస్, మన ఇస్పేటు ఏ దారిన వచ్చినా ఆ మాటకు చుట్టమే. పేకా సారాయీ రెండూ ఒక్క పేరులో కలిసిన తిట్టు అది, ఆటీన్ అనగానే సారాయి ఆవిరైపోతుంది. నేనైతే "గిన్నెల రాజు" అని ఉంచి, మొదటిసారి వచ్చిన చోట "పేకలో" అని ముందు ఒక మాట చేరుస్తాను.