ఆయుధ పూజలో నిలబడొచ్చా? ఆఫీసుల్లో పనిచేసే విశ్వాసులు చెప్పండి

సర్జాపూర్_అక్క:
అందరికీ వందనాలు. వచ్చే వారం మా ఆఫీసులో ఆయుధ పూజ. బెంగళూరులో ఉన్నవాళ్లకు తెలుసు కదా, కంప్యూటర్లకు కూడా పసుపు కుంకుమలు పెడతారు, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ కొడతారు, తలా ఒక కడ్లెపురి (మరమరాలు) పొట్లం ఇస్తారు. పోయినేడు లీవు పెట్టాను. ఈసారి రిలీజ్ ఉంది, కుదరదు. పైగా లీడ్ నన్నే హారతి పట్టుకోమన్నాడు. ఏం చెయ్యను?

పాత_లూథరన్_గుంటూరు:
అమ్మా, టెన్షన్ పడకు. బైబిల్లో రెండవ రాజులు 5 చదువు. మన దేవుణ్ణి నమ్మిన సిరియా సేనాధిపతి నయమాను తన రాజుతో పాటు రిమ్మోను గుడిలో వంగాల్సి వస్తుందని ముందే చెప్పుకుంటే, ప్రవక్త ఎలీషా కోప్పడలేదు, మనసు నెమ్మదిగా ఉంచుకుని వెళ్లమన్నాడు. హారతి వద్దని చెప్పు. వెనక నిలబడు. పొట్లం తీసుకో.

దానియేలు_బాట:
పొట్లం ఎలా తీసుకుంటుందండీ? మొదటి కొరింథీ 10:28లో పౌలు స్పష్టంగా రాశాడు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే తినొద్దని. దేవుడి పటం ముందు పెట్టి, అందరి కళ్లముందు పంచుతున్నారు. ఇంకా చెప్పడానికి ఏముంది?

పాత_లూథరన్_గుంటూరు:
దానికి ముందున్న 25వ వచనం కూడా చదవండి. అంగడిలో అమ్మేది విచారించకుండా తినమన్నాడు.

దానియేలు_బాట:
ఇది అంగడి కాదు. పూజ.

హెబ్బాళ_బైకర్:
ముందు ఆ గుమ్మడికాయ ముక్కలు రోడ్డు మీద వదలొద్దని చెప్పండి. బైక్ జారి నా మోచేయి చీరుకుపోయింది.

కోర్టు_మెట్లు:
1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు చూడండి. కేరళలో యెహోవాసాక్షుల పిల్లలు ముగ్గురు జాతీయగీతం పాడలేదు, కానీ మర్యాదగా లేచి నిలబడ్డారు. బడి నుంచి తీసేస్తే, తిరిగి చేర్చుకోమంది సుప్రీంకోర్టు. అక్క కూడా అలాగే నిలబడొచ్చు.

దానియేలు_బాట:
జాతీయగీతానికీ పూజకూ పోలికా? నేను కుంకుమ వద్దన్నానని ఆ ఏడాది అప్రైజల్‌లో 'టీమ్‌తో కలవడు' అని రాశారు. హైక్ పోయింది. అయినా దాచుకోలేదు. మీరేమో సిలువను షర్టు లోపలికి తోసుకుని తిరుగుతారు.

పాత_లూథరన్_గుంటూరు:
అవును, తోసుకున్నాను. ఇక్కడ ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు అడ్వాన్సు దాకా వచ్చాక, ఆదివారం ఎక్కడికెళ్తారని అడిగి తాళం వేసుకున్నాడు ఓనరు. పక్కన నా భార్య ఏడో నెల గర్భిణి. మీకేం తెలుసు?

దానియేలు_బాట:
సరే, సూటిగా అడుగుతాను. మీ కుల సర్టిఫికెట్‌లో ఏముంది? మా నాన్న బాప్తిస్మం తీసుకున్నాక నిజమే రాయించాడు. బీసీ-సీ, అంటే క్రైస్తవులైన ఎస్సీల కోటా, ఒక్క శాతం. నాకు సీటు రాలేదు. మా మందిరంలోనే డోలక్ వాయించేవాడికి ఎస్సీ కోటాలో వచ్చింది. ఇంట్లో ఆ రోజు ఎవరూ అన్నం తినలేదు. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది: మందిరానికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునంటే అది రాజ్యాంగానికి చేసే మోసమని.

పాత_లూథరన్_గుంటూరు:
ఇదా మీ బాధ! కడ్లెపురి కాదన్నమాట. నా కాగితంలో ఎస్సీ అనే ఉంది, చెప్తున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. ఊరి బావి దగ్గర మా అమ్మ బిందెను పక్కకు తన్నినవాళ్లు నువ్వు ఏ మందిరానికి వెళ్తావని అడగలేదు. ఆ బిందె సొట్ట ఇప్పటికీ ఉంది.

దానియేలు_బాట:
అమ్మగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఆ ఉత్తర్వు అన్యాయమే, దానిమీద పోరాడదాం, నేనూ వస్తాను. కానీ ఫారం మీద సంతకం పెట్టింది మీరు. మా నాన్న పెట్టలేదు.

పాత_లూథరన్_గుంటూరు:
మీ నాన్నగారికి నా నమస్కారం. ఆయనంత ధైర్యం నాకు లేకపోయింది. అంతమాత్రాన నా విశ్వాసం అబద్ధమంటే ఒప్పుకోను.

సర్జాపూర్_అక్క:
లీడ్‌తో మాట్లాడాను. హారతి పట్టను, నిలబడతాను అన్నాను. సరే, ఫోటోలు తియ్యమన్నాడు. పొట్లం గురించి ఇంకా తేల్చుకోలేదు. మీ ఇద్దరి మాటలూ రాత్రి రెండుసార్లు చదివాను. మా బాబు పదో తరగతి ఫారంలో కులం, మతం గడులు నింపాలి. మా ఆయన ఒకటి రాయమంటున్నారు, నేను ఇంకొకటి అంటున్నాను. ఫారం టీవీ మీద అలాగే ఉంది.