వృత్తాన్ని తాకితే కాంపాక్ట్‌నెస్ పోయినట్టేనా?

కపిలతీర్థం_వాన (తిరుపతి)

ఆరేడేళ్లుగా గొంతులో ముల్లులా ఉన్న విషయం ఇది. 2019లో చిత్తూరు దగ్గర ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్లాను. బోర్డులో ముగ్గురు. సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ అడిగిన ప్రశ్న ఇది: యూనిట్ డిస్క్‌ని (కాంప్లెక్స్ ప్లేన్‌లో సున్నా కేంద్రంగా, వ్యాసార్థం 1తో ఉన్న వృత్తం లోపలి భాగం) డిస్క్‌లోకే పంపే హోలోమార్ఫిక్ (ప్రతి బిందువు దగ్గరా కాంప్లెక్స్ డెరివేటివ్ ఉన్న) ఫంక్షన్ ఫై ఉంది. హార్డీ స్పేస్‌లోని (డిస్క్‌లో హోలోమార్ఫిక్ అయి, అంచుకి పోయేకొద్దీ సైజు అదుపు తప్పని ఫంక్షన్ల సమూహం) ప్రతి ఎఫ్‌నీ తీసుకుని, దాంట్లో ఫైని పెట్టి, ఎఫ్ ఆఫ్ ఫైగా మార్చే కాంపోజిషన్ ఆపరేటర్ తీసుకో. ఫై ఇమేజ్ బయటి వృత్తాన్ని ఒక్కచోట తాకింది. ఆపరేటర్ కాంపాక్ట్ అవుతుందా? అంటే, సైజు హద్దులో ఉన్న ఏ ఫంక్షన్ల వరసని దీంట్లోకి పంపినా, వచ్చినవాటిలోంచి కన్వర్జ్ అయ్యే సబ్‌సీక్వెన్స్ తప్పక దొరుకుతుందా?

"తాకే తీరుని బట్టి ఉంటుంది సార్" అన్నాను. చాక్‌పీస్ తీసుకుని ఫై(జెడ్) = 1 − √(1 − జెడ్) అని రాశాను. ఇది 1 దగ్గర తాకుతుంది, అయినా కాంపాక్టే అని చెప్పబోయాను. ఆయన లేచి వచ్చి, డస్టర్ కనిపించక చేత్తోనే తుడిచేశారు. "తాకితే పోయింది, అంతే" అన్నారు. ప్యాంటుకి చేయి తుడుచుకుని "నెక్స్ట్" అన్నారు. ఉద్యోగం రాలేదు. అది వదిలేయండి. నేను చెప్పింది తప్పా?

చిత్తూరు_మాష్టారు (చిత్తూరు)

తప్పే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, ప్రూఫ్ నాలుగు వాక్యాల్లో చెప్తాను. జెడ్, జెడ్ స్క్వేర్, జెడ్ క్యూబ్ అంటూ వరసగా తీసుకో. అన్నింటి నార్మ్, అంటే ఫంక్షన్ సైజు, 1. ఆపరేటర్ వాటిని ఫై, ఫై స్క్వేర్, ఫై క్యూబ్ చేస్తుంది. ఫై వృత్తాన్ని తాకింది కాబట్టి వాటి నార్మ్ కూడా 1. కానీ డిస్క్ లోపల ఏ బిందువు దగ్గర చూసినా అవి సున్నాకి పోతున్నాయి. ఇక నార్మ్‌లో కన్వర్జ్ అయ్యే సబ్‌సీక్వెన్స్ ఎక్కడినుంచి వస్తుంది? కాంపాక్ట్ కాదు. ఇంత చిన్న ప్రూఫ్ ముందు పెట్టుకుని రూట్‌లూ గీట్‌లూ ఎందుకు?

మామిడి_ఫ్యాక్టరీ

కొండకి కాలినడకదారులు రెండు, అలిపిరి, శ్రీవారి మెట్టు. చేరేది ఒక్కచోటికే. ఎలా చేరావన్నది మోకాళ్లని అడగాల. నాకు లెక్కలు రావు సామీ, పోతా ఉండా.

కపిలతీర్థం_వాన

మాష్టారూ, మీరు తీసుకున్న నార్మ్ గరిష్ఠ విలువది. నేను అనుకున్న హార్డీ స్పేస్ హెచ్-టూ. అక్కడ నార్మ్ స్క్వేర్ అంటే వృత్తం మీద మాడ్యులస్ (సున్నా నుంచి దూరం) స్క్వేర్ సగటు. నా ఫై ఒక్క బిందువు దగ్గర తప్ప వృత్తమంతటా 1 కన్నా లోపలే ఉంది. పవర్ పెరిగేకొద్దీ ఆ సగటు సున్నాకి దిగిపోతుంది. ఒక్క బిందువు సగటుని నిలబెట్టలేదు. క్లాసులో ఒక్కడికి నూటికి నూరొస్తే క్లాస్ యావరేజ్ నూరైపోతుందా?

రెండో_సెమిస్టర్

అన్నా, ఒక డౌట్. అయితే హెచ్-టూలో ఫై పవర్ ఎన్ నార్మ్ సున్నాకి పోతే చాలా, కాంపాక్ట్ అయిపోయినట్టేనా?

చిత్తూరు_మాష్టారు

ముందు ఆ ఫంక్షన్ సంగతి తేలాలి. జెడ్ = 1 దగ్గర రూట్‌కి బ్రాంచ్ పాయింట్ ఉంది. డెరివేటివ్ అనంతం. అది హోలోమార్ఫిక్కే కాదు. హోలోమార్ఫిక్ కానిదాన్ని ఉదాహరణగా రాస్తే చెరిపేయక ఫ్రేమ్ కట్టిస్తారా?

కపిలతీర్థం_వాన

1 అనే బిందువు డిస్క్‌లో లేదు సార్. ఓపెన్ డిస్క్. లోపలంతా హోలోమార్ఫిక్, అంచులో కంటిన్యువస్. అంతకన్నా ఎవరు అడిగారు?

చిత్తూరు_మాష్టారు

బ్రాంచ్ పాయింట్ బ్రాంచ్ పాయింటే.

కపిలతీర్థం_వాన

గుమ్మం బయట ఉన్న చెప్పులు ఇంట్లో సామాను కాదు మాష్టారూ.

ఎర్రచందనం (తిరుపతి)

చెప్పుల దాకా పోకండి, రెండో_సెమిస్టర్ అడిగింది మంచి ప్రశ్న. జవాబు: చాలదు. ఫై(జెడ్) = (1 + జెడ్)/2 తీసుకో తమ్ముడూ. ఇదీ 1 దగ్గరే తాకుతుంది, దీని పవర్స్ నార్మ్ కూడా హెచ్-టూలో సున్నాకే పోతుంది. కానీ ఇది కాంపాక్ట్ కాదు.

ఎందుకంటే, హెచ్-టూలో ప్రతి బిందువుకీ ఒక కెర్నల్ ఫంక్షన్ ఉంటుంది. దాంతో ఇన్నర్ ప్రొడక్ట్ తీస్తే ఆ బిందువు దగ్గర ఎఫ్ విలువ వస్తుంది. బిందువు డబ్ల్యూ అయితే ఆ కెర్నల్ నార్మ్ స్క్వేర్ 1/(1 − |డబ్ల్యూ| స్క్వేర్). మన ఆపరేటర్ అడ్‌జాయింట్ (ఇన్నర్ ప్రొడక్ట్‌లో ఆపరేటర్‌ని రెండోవైపుకి మారిస్తే వచ్చే జోడీ ఆపరేటర్) డబ్ల్యూ కెర్నల్‌ని ఫై(డబ్ల్యూ) కెర్నల్ దగ్గరికి పంపుతుంది. ఆపరేటర్ కాంపాక్ట్ అయితే, డబ్ల్యూ అంచుకి పోయేకొద్దీ (1 − |డబ్ల్యూ| స్క్వేర్)ని (1 − |ఫై(డబ్ల్యూ)| స్క్వేర్)తో భాగిస్తే వచ్చేది సున్నాకి పోయి తీరాలి.

డబ్ల్యూ = 0.9999 వేసి చూడు. అంచుకి దూరం 0.0001. (1 + జెడ్)/2 దాన్ని 0.99995 దగ్గరికి పంపుతుంది, దూరం ఇంకా సగమైంది. నిష్పత్తి దాదాపు 2. ఇంకెంత దగ్గరికి పోయినా 2 దగ్గరే ఆగుతుంది. అందుకే కాంపాక్ట్ కాదు. అదే 1 − √(1 − జెడ్) అయితే 0.9999ని 0.99 దగ్గరికి తెస్తుంది. దూరం 0.01, అంటే వందరెట్లు వెనక్కి లాగింది. నిష్పత్తి 0.01 చిల్లర. అంచుకి పోయేకొద్దీ ఇంకా పడిపోతుంది. తాకడం రెండూ తాకుతాయి. ఒకటి పరిగెత్తుకుంటూ పోయి గుద్దుకుంటుంది, ఇంకొకటి అడుగులో అడుగేసుకుంటూ పోతుంది.

రెండో_సెమిస్టర్

నిష్పత్తి సున్నాకి పోతే కాంపాక్ట్ అని రివర్స్‌లో కూడా చెప్పొచ్చా?

ఎర్రచందనం

ఫై వన్-వన్ అయితే, అంటే ఏ రెండు బిందువుల్నీ ఒకేచోటికి పంపకపోతే, చెప్పొచ్చు. 1986లో మెక్‌క్లూర్, షాపిరో చూపించారు. సగటుని వృత్తం మీద కాకుండా డిస్క్ మొత్తం మీద తీసే బెర్గ్‌మన్ స్పేస్‌లో అయితే వన్-వన్ షరతు కూడా అక్కర్లేదు. హెచ్-టూలో మామూలుగా మాత్రం కుదరదు. అంచులో దాదాపు అంతటా మాడ్యులస్ 1 ఉండే ఇన్నర్ ఫంక్షన్లలో నిష్పత్తి సున్నాకి పోయేవి ఉన్నాయి, కానీ అవి హెచ్-టూలో ఎప్పటికీ కాంపాక్ట్ కావు. ఒక్కో విలువని ఫై ఎన్నిచోట్ల, అంచుకి ఎంత దగ్గరగా తీసుకుంటుందో లెక్కపెట్టే నెవన్లిన్నా కౌంటింగ్ ఫంక్షన్‌తో 1987లో షాపిరో పూర్తి జవాబు ఇచ్చాడు.

మన రూట్ ఫంక్షన్‌కి అంతదూరం కూడా పోనక్కర్లేదు. 1973లోనే షాపిరో, టేలర్ ఇచ్చిన పరీక్ష చాలు: 1/(1 − |ఫై|)ని వృత్తం మీద ఇంటిగ్రేట్ చేస్తే పరిమితంగా వస్తే ఆపరేటర్ హిల్బర్ట్-ష్మిట్, అంటే కాంపాక్ట్ కన్నా ఇంకా గట్టిది. ఇక్కడ 1 దగ్గర ఆ విలువ కోణం రూట్‌కి విలోమంగా పెరుగుతుంది. దాని ఇంటిగ్రల్ పరిమితమే. కపిలతీర్థం చెప్పింది హెచ్-టూలో కరెక్ట్.

కపిలతీర్థం_వాన

విన్నారా మాష్టారూ? 1973, 1986, 1987. ఇవన్నీ మీరు సర్వీసులో ఉండగానో, అంతకు ముందో వచ్చినవే. మీలాంటివాళ్లు పాత నోట్సు పట్టుకుని బోర్డుల్లో కూర్చోబట్టే మాలాంటివాళ్లు ఇంట్లో కూర్చున్నాం.

చిత్తూరు_మాష్టారు

నోట్సు మాట ఎత్తావు కాబట్టి విను. నేను పనిచేసిన చోట లైబ్రరీకి ఒక్క జర్నలూ వచ్చేది కాదు. సెలవు పెట్టి, బస్సులో తిరుపతి వచ్చి, యూనివర్సిటీలో తెలిసినవాళ్లని బతిమాలుకుని చేత్తో రాసుకున్న నోట్సు అది. నువ్వు మంచం మీద పడుకుని ఫోన్‌లో పేపర్లు చదువుతావు.

ఇక అసలు సంగతి. నీ పోస్టు మూడుసార్లు చదివాను. ఆయన అడిగింది "హార్డీ స్పేస్". హార్డీ స్పేస్‌లు హెచ్-పీ అని ఎన్నో ఉన్నాయి, సగటు తీసేటప్పుడు మాడ్యులస్‌కి వేసే పవరే పీ. ఇక్కడ ఏ పీ? హెచ్-ఇన్ఫినిటీ హార్డీ స్పేస్ కాదా? అక్కడ నార్మ్ గరిష్ఠ విలువదే. ఫై మాడ్యులస్ గరిష్ఠం 1 అయితే కాంపాక్ట్ కాదు, ఖచ్చితంగా 1 కన్నా తక్కువైతేనే అవుతుంది. నా ప్రూఫ్ అక్షరం పొల్లుపోదు. ఆయన మనసులో ఉన్నది అదేమో. "ఏ పీ సార్" అని నువ్వు అడిగావా?

ఎర్రచందనం

మాష్టారి పాయింటు న్యాయమైనదే. ఒక్కటి మాత్రం: పీ పరిమితమైతే అది ఎంతైనా తేడా లేదు. ఒక పీకి కాంపాక్ట్ అయితే అన్నింటికీ అవుతుంది. అదీ 1973 పేపర్‌లోదే. తేడా వచ్చేది అనంతం దగ్గరే.

మామిడి_ఫ్యాక్టరీ

పోతానన్నా గానీ పోలేదు. అంటే ఇద్దరూ కరెక్టే, ఎవరి స్పేస్‌లో వాళ్లు?

కపిలతీర్థం_వాన

అడగలేదు సార్. ఎందుకు అడగలేదో కూడా చెప్తాను. డిగ్రీ దాకా తెలుగు మీడియం. అంతకు ముందు ఇంకోచోట ఇంటర్వ్యూలో "ఏ టోపాలజీ సార్" అని అడిగాను. "ప్రశ్న కూడా అర్థం కాలేదా" అని ముగ్గురూ నవ్వారు. అప్పటినుంచి ఎదురు ప్రశ్న వెయ్యను. హెచ్-టూ అనుకుని జవాబిచ్చాను. ఫంక్షన్ పూర్తిగా చూసి "ఇది ఏ స్పేస్‌లో" అని ఆయన అడిగినా తేలిపోయేది. నా బాధ కాంపాక్ట్‌నెస్ గురించి కాదు. నేను అడిగితే తెలివితక్కువ, ఆయన అడగకపోతే ఎక్స్‌పర్ట్. ఇదెక్కడి లెక్క?

రెండో_సెమిస్టర్

మా క్లాసులో కూడా ఇంతే అన్నా. డౌట్ అడిగితే ముందు బెంచీ వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.

చిత్తూరు_మాష్టారు

బోర్డుల్లో నేనూ కూర్చున్నాను. ఆ బోర్డులో కాదు. ఒకసారి మధ్యాహ్నం లోపల పద్దెనిమిది మందిని చూడమన్నారు. మనిషికి ఎనిమిది నిమిషాలు. అందులో మూడు సర్టిఫికెట్లు తిప్పడానికే పోయాయి. అభ్యర్థి నాకు తెలియని ఫంక్షన్ రాస్తే కూర్చుని ఆలోచించే టైం ఉండదు. తెలియదని పక్కనున్న ప్రిన్సిపాల్ ముందు ఒప్పుకునే ధైర్యమూ ఉండదు. నేనైనా చెరిపేసేవాణ్నే. చేత్తో కాదు, డస్టర్‌తో.

రూట్ గురించి నిన్న రాత్రి కాగితం మీద వేసి చూశాను. డిస్క్ లోపల హోలోమార్ఫిక్కే. అంతవరకు ఒప్పుకుంటున్నాను. ఎదురు ప్రశ్న వెయ్యకపోవడం మాత్రం నీ తప్పే. నవ్వితే నవ్వనీ.

కపిలతీర్థం_వాన

నవ్విన తర్వాత ఉద్యోగం మీరిస్తారా సార్?

చిత్తూరు_మాష్టారు

ఇవ్వలేను.

రెండో_సెమిస్టర్

మాష్టారూ, ఇంకొక్క డౌట్. ఒక్క బిందువు కాకుండా, వృత్తంలో పావు ముక్క మొత్తాన్నీ ఫై వృత్తం మీదికే పంపితే అప్పుడు కాంపాక్ట్ అవుతుందా?

చిత్తూరు_మాష్టారు

ముందు ఏ స్పేసో చెప్పు నాయనా.

రెండో_సెమిస్టర్

హెచ్-టూ సార్.

చిత్తూరు_మాష్టారు

ఆ పావు ముక్క మీద ఫై మాడ్యులస్ 1. ఎన్ని పవర్లు వేసినా 1 తరగదు. కాబట్టి ఫై పవర్ ఎన్ నార్మ్ స్క్వేర్ ఎప్పుడూ పావుకి తగ్గదు. సున్నాకి పోదు. కాంపాక్ట్ కాదు. పైన నేను రాసిన నాలుగు వాక్యాల ప్రూఫే, 1 తీసేసి పావు పెట్టుకో.

కపిలతీర్థం_వాన

దీంట్లో నాకు అభ్యంతరం లేదు.