‘చీకటి దాని గ్రహింపకుండెను’: మధ్యలో ‘లే’ ఉందా?

పాకాల పాఠకురాలు:
బైబిల్లోని యోహాను సువార్త 1:5 ఫ్లెక్సీ మీద వేయించాలి. నోటికి వచ్చేది ‘చీకటి దానిని గ్రహింపలేకపోయెను’ అని. ఇంకొకరు ‘గ్రహింపలేదు’ అంటున్నారు. అచ్చులో ‘గ్రహింపకుండెను’ అని ఉంది. అర్థంలో తేడా వస్తుందా, ఊరికే పాత భాషా కొత్త భాషా అంతేనా? ఇక్కడ గ్రహించడం అంటే తెలుసుకోవడమేనా?

తిరుపతి ఉపదేశి:
అక్కా, అచ్చులో ఉన్నదే సరి. ‘ఆ వెలుగు చీకటిలో ప్రకాశించుచున్నది గాని చీకటి దాని గ్రహింపకుండెను.’ ‘దానిని’ కాదు, ‘దాని’. ‘లే’ అసలు లేదు. ‘లేకపోయెను’ అన్నామంటే చీకటి ప్రయత్నించి ఓడిపోయింది అనే కథ మనం కలిపినట్టు. గ్రీకులో ‘కతెలాబెన్’ ఒక్కటే క్రియ, ముందు ‘కాదు’ అనే మాట. శక్తి చాలలేదు అనే పదం అక్కడ లేదు.

కాళహస్తి కలం:
అసలు చిక్కు ‘లే’లో లేదండీ, ‘గ్రహ’లో ఉంది. మనం గ్రహించు అనగానే బుర్రకెక్కడం అనుకుంటాం. ధాతువుకు మొదటి అర్థం పట్టుకోవడం. పాణిగ్రహణం అంటే చేయి పట్టుకోవడం, చేతిని అర్థం చేసుకోవడం కాదు. గ్రహణం అంటే సూర్యుణ్ణో చంద్రుణ్ణో పట్టడం. మా ఊళ్ళో ఈ మాట చెప్పక్కర్లేదు, గ్రహణం వేళ మిగతా గుళ్ళు మూస్తే కాళహస్తి గుడి తెరిచే ఉంటుంది. కాబట్టి నా లెక్కలో ఈ వాక్యానికి అర్థం ‘ఆ వెలుగుకు చీకటి గ్రహణం పట్టలేదు’. తెలుగు అనువాదకులు ఎంత గొప్ప మాట ఏరుకున్నారో చూడండి.

పలమనేరు వ్యాకరణం:
అందంగా ఉంది గానీ ఒప్పుకోను. ‘గ్రహణం’ నామవాచకంగా పాత అర్థాన్ని దాచుకుంది, నిజమే. ‘గ్రహించు’ క్రియగా వచ్చేసరికి వాడుకలో తెలుసుకోవడమే మిగిలింది. ‘రాహువు సూర్యుణ్ణి గ్రహించాడు’ అని ఎవరంటారు? మింగాడంటారు, పట్టాడంటారు. అదే తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యములు 4:13 చూడండి: పేతురు యోహానులు ‘విద్యలేని పామరులని గ్రహించి’. 10:34: దేవుడు పక్షపాతి కాడని ‘నిజముగా గ్రహించి యున్నాను’. రెండు చోట్లా తెలుసుకోవడమే.

కాళహస్తి కలం:
ఆ రెండు చోట్లా గ్రీకు మాట కూడా అదే ధాతువు కదా మాస్టారూ?

పలమనేరు వ్యాకరణం:
ధాతువు అదే, రూపం వేరు. సంస్కృతంలో పరస్మైపదం (పని ఇంకొకరి కోసం), ఆత్మనేపదం (పని తన కోసం) ఉన్నట్టే గ్రీకులోనూ దాదాపు అట్లాంటి భేదం ఉంది. కార్యములలో ఉన్నవి ఆత్మనేపదం లాంటి రూపాలు, మనసుతో పట్టుకోవడం వాటి అర్థం. ఎఫెసీ 3:18 కూడా అంతే. అక్కడ మన అనువాదకులు ‘గ్రహించుకొనుటకును’ అని ‘కొను’ చేర్చారు. తెలుగులో ఆత్మనేపదార్థం చెప్పేది ఆ ‘కొను’నే కదా. యోహాను 1:5లో ఉన్నది మాత్రం మామూలు కర్తరి రూపం. అంటే గ్రీకు ప్రకారం పోతే కాళహస్తి వారు చెప్పిన ‘పట్టు’కే బలం ఎక్కువ. తెలుగు ప్రకారం పోతే తక్కువ. నా అభ్యంతరం తెలుగు గురించే.

నగరి సరిహద్దు:
‘కొను’ సూత్రం నిలబడదన్నా. యోహాను 12:35 తెరవండి: ‘చీకటి మిమ్మును కమ్ముకొనకుండునట్లు మీకు వెలుగు ఉండగనే నడవుడి’. గ్రీకులో ఇక్కడా అదే క్రియ, అదే కర్తరి రూపం. మనవాళ్ళు ‘కమ్ముకొను’ అన్నారు. కొను వచ్చేసింది కదా. ఇంకో సంగతి, అదే సువార్త 8వ అధ్యాయంలో వ్యభిచారమందు ‘పట్టబడిన’ స్త్రీ అని ఉందే, ఆ మాటా ఈ ధాతువే. ఒకే సువార్తలో ఒకే క్రియకు గ్రహించు, పట్టు, కమ్ముకొను, మూడు తెలుగులు.

మా పక్క సగం మందికి తమిళ వాక్యమే ముందు గుర్తొస్తుంది: ‘ఇరుళానదు అదైప్ పఱ్ఱిక్కొళ్ళవిల్లై’. చీకటి దాన్ని పట్టుకోలేదు అని సూటిగా. ‘పఱ్ఱు’ అంటే పట్టుకోవడమే కాదు, నిప్పు అంటుకోవడానికి కూడా అదే మాట. చీకటి పక్కనే వెలుగున్నా దానికి అంటుకోలేదు అని నాకు తోస్తుంది. తడి కట్టెకు నిప్పు తగలబెట్టినట్టు.

పలమనేరు వ్యాకరణం:
తడి కట్టె బాగుంది, విభక్తి ఒప్పుకోదు. ‘అదై’ ద్వితీయ. నిప్పు అంటుకునే అర్థంలో నిప్పే కర్త అవుతుంది. ఇక్కడ కర్త చీకటి, కర్మ వెలుగు. కాబట్టి తమిళంలోనూ పట్టుకోవడమే. ‘కొను’ మీద మీరు పట్టిన తప్పు మాత్రం ఒప్పుకుంటున్నాను.

తిరుపతి ఉపదేశి:
12:35 ఉదాహరణ బలమైనదే. ఒక్క తేడా చూడాలి. అక్కడ చీకటి కమ్ముకొనేది మనుషుల్ని. ‘మిమ్మును కమ్ముకొనకుండునట్లు’ తెలుగులో సాఫీగా ఉంది. చీకటి వెలుగును కమ్ముకుంది అంటామా? మబ్బు సూర్యుణ్ణి కమ్ముతుంది, ఊరిని చీకటి కమ్ముతుంది. వెలుగుకు చీకటే ఎదురు వస్తువు కాబట్టి అక్కడ ఆ మాట అతకదు. అందుకే అనువాదకులు 1:5లో వేరే మాట వెతికి ఉంటారని నా ఊహ.

జర్మన్ సంగతి ఒకటి. మార్టిన్ లూథర్ జర్మన్ బైబిల్ పాత ప్రతుల్లో ఇక్కడ ‘బెగ్రిఫెన్’ అని ఉంది, అర్థం చేసుకోవడం. తర్వాతి సవరణల్లో ‘ఎర్‌గ్రిఫెన్’ అని మార్చారు, చేజిక్కించుకోవడం. రెంటికీ మూలం పట్టు అనే ధాతువే, ముందున్న ఉపసర్గ మాత్రమే మారింది. మన ‘గ్రహ’కూ ఇదే బాధ. లాటిన్‌లోనూ ‘కాంప్రెహెందెరుంత్’ అని రెండర్థాల మాటే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ ‘అర్థం చేసుకోలేదు’ వైపు మొగ్గింది, ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు ‘జయించలేదు’ వైపు వచ్చాయి. తెలుగుకు ఆ మార్పు అక్కర్లేకపోయింది, రెండూ ఒకే మాటలో ఉన్నాయి. వాడుకలో ఒకటి అరిగిపోయిందంతే.

చంద్రగిరి పద్యం:
చీకటి, వెలుగు అంటూ ఇంత మాట్లాడి పోతన దగ్గరికి రాకపోతే ఎట్ల?

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగిన తుది నలోకం బగు పెం
జీఁకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

పెను చీకటి, పెంజీకటి. ఆ సంధిలో ‘చీ’ ‘జీ’ అయ్యేసరికి చీకటికి బరువొచ్చింది. ‘కవ్వల’ దగ్గర ఒక్క ఊపిరి పీల్చుకోవాలి. చీకటిని దాటిన తర్వాతే ‘ఎవ్వండు’ వస్తాడు. యోహాను మాటకూ దీనికీ ఎంత దగ్గర!

నగరి సరిహద్దు:
దగ్గరే గానీ ఒకటి కాదన్నా. పోతనలో వెలుగు చీకటికి ‘అవ్వల’. యోహానులో ‘చీకటిలో’. అవతల ఉన్నదాన్ని చీకటి పట్టుకుంటుందా లేదా అన్న ప్రశ్నే రాదు. లోపల ఉంది కాబట్టే ‘గ్రహింపకుండెను’ అని చెప్పాల్సొచ్చింది.

పలమనేరు వ్యాకరణం:
ఇంకొకటి. పోతన పద్యంలో ‘వెలుగు’ క్రియ. ‘వెలుగు నతని’ అంటే వెలుగుతుండే అతణ్ణి. యోహాను తెలుగులో ‘వెలుగు’ నామవాచకం, దానికి ‘ప్రకాశించు’ అనే సంస్కృత క్రియ తెచ్చుకోవాల్సొచ్చింది. ‘ఆ వెలుగు చీకటిలో వెలుగుచున్నది’ అంటే బాగుండదని కాబోలు. ‘గ్రహింపకుండెను’ కందంలో ఇముడుతుందా చంద్రగిరి వారూ?

చంద్రగిరి పద్యం:
గ్ర-హిం-ప-కుం-డె-ను. లఘువు, గురువు, లఘువు: జగణం. తర్వాత గురువు, రెండు లఘువులు: భగణం. కందంలో బేసి గణంలో జగణం రాకూడదు, కాబట్టి దాన్ని సరి గణంలో మొదలుపెట్టాలి. మొదటి పాదంలో రెండో గణంగా జగణం, వెంటనే మూడో గణంగా భగణం పెడితే చక్కగా నడుస్తుంది. అదే ‘గ్రహింపలేకపోయెను’ పెట్టి చూడండి, జగణం తర్వాత గురు లఘు గురువులు వచ్చి నాలుగు మాత్రల గణం కుదరదు. పద్యమే ‘లే’ను బయటికి నెట్టేస్తుంది.

తిరుపతి ఉపదేశి:
వచనంలోనూ నడక ఉంది, వినండి. ‘ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను’, మూడు. రెండో వచనంలో ఒకటి, నాలుగో వచనంలో ‘జీవముండెను’, ‘వెలుగైయుండెను’ రెండు. మొత్తం ఆరు. ఏడోది ‘గ్రహింపకుండెను’. గ్రీకులో ఆరు చోట్లా ‘ఏన్’ (ఉండెను) ఉంది, ఏడో చోట లేదు. అక్కడ ‘ఉండెను’ తెలుగు సొంతంగా పలికింది. 10, 11 వచనాల్లో ‘తెలిసికొనలేదు’, ‘అంగీకరింపలేదు’ అన్న చేతులే ఇక్కడ ‘గ్రహింపలేదు’ అని రాయలేదంటే, చెవి పెట్టి రాశారనే కదా.

కాళహస్తి కలం:
ఏడు అంటే పరిపూర్ణ సంఖ్య. అక్కడ ఆగడంలో అర్థం ఉందంటారా?

పలమనేరు వ్యాకరణం:
ఆగలేదు కదా. ఆరో వచనంలోనే ‘మనుష్యుడు ఉండెను’, తొమ్మిదిలో ‘నిజమైన వెలుగు ఉండెను’. లెక్క పెంచుకుంటూ పోతే ఏడు నిలవదు. నడక మాట మాత్రం నిజం.

కాళహస్తి కలం:
సరే. ‘తెలుసుకోవడం’ వైపు ఉన్నవాళ్ళకు అసలైన ఆధారం 17:3 అనిపిస్తుంది: ‘అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును, నీవు పంపిన యేసు క్రీస్తును ఎరుగుటయే నిత్యజీవము’. ఎరగడమే జీవమైతే, ఎరగని చీకటికి జీవం లేదని 1:5 ముందే చెప్పినట్టు కాదా? 4లో జీవమే వెలుగన్నాడు, 5లో ఆ వెలుగు. నేను ‘పట్టు’ పక్షం వాణ్ణే, అయినా ఈ వాదాన్ని తీసిపారేయలేను.

తిరుపతి ఉపదేశి:
అక్కడి క్రియ వేరు, ‘ఎరుగు’. 1:10 ‘తెలిసికొనలేదు’కు ఉన్న గ్రీకు ధాతువు అదే. మీ వాదానికి 10వ వచనం చాలు, 5ను దానికి లాగనక్కర్లేదు. నిత్యజీవం విషయంలో పొరపాటు మరో చోట జరుగుతుంది. పిల్లలకు చెప్పేటప్పుడు చచ్చిన తర్వాత వచ్చేది అని మొదలుపెడతారు. 5:24లో యేసు మాట చూడండి: వినేవాడు ‘నిత్యజీవము గలవాడు’, ‘మరణములోనుండి జీవములోనికి దాటియున్నాడు’. దాటును కాదు, దాటియున్నాడు. బోర్డు మీద ‘గలవాడు’, ‘దాటియున్నాడు’ రెండూ రాసి, ఏ కాలమో పిల్లల చేతే చెప్పించండి. ఆ తర్వాతే 6:40కి వెళ్ళి ‘అంత్యదినమున’ లేపుతానన్న మాట చూపించండి. వరస తిరగేస్తే మొదటిది వాళ్ళ చెవిన పడదు.

చంద్రగిరి పద్యం:
‘నిత్య’ అన్న మాటే అందుకు సాయం చేస్తుంది. తిరుపతిలో నిత్యకల్యాణం అంటే ఎప్పటికీ ఆగనిది అని మాత్రమే కాదు, రోజూ జరిగేది. నిత్యావసరాలు కూడా అంతే. ‘శాశ్వత జీవం’ అని ఉంటే ఆ రోజువారీ వాసన ఉండేది కాదు.

పలమనేరు వ్యాకరణం:
గ్రీకు ‘అయోనియోస్’లో రోజువారీ అర్థం లేదు, యుగానికి చెందినది అని. మీరు చెప్పేది తెలుగు మాట ఇచ్చిన కానుక, మూలం ఇచ్చింది కాదు. రెంటినీ కలపకండి.

చంద్రగిరి పద్యం:
‘గ్రహణం’ విషయంలో కాళహస్తి వారికీ ఇదే చెప్పారు. తెలుగు మాట తెలుగువాడి చెవిలో ఏం మోగుతుందో అది కూడా అర్థమే అంటాను నేను. 3:16 చివర ‘ఆయనను అనుగ్రహించెను’ అని ఉంది. చీకటి గ్రహింపకుండెను, దేవుడు అనుగ్రహించెను. ఒకే ‘గ్రహ’. గ్రీకులో ఈ రెంటికీ చుట్టరికం లేదని నాకూ తెలుసు. అయినా తెలుగులో చదివేవాడికి అది వినపడుతుంది, వినపడాలి కూడా.

నగరి సరిహద్దు:
చదవడం అన్నారు కాబట్టి, క్రిస్మస్‌కు ఈ భాగం పైకి చదివేవాళ్ళు ఒకటి గమనించాలి. ‘గాని’ దగ్గర ఆగండి. ‘దాని’ దగ్గర ఆగకండి. ‘చీకటి దాని’ అని ఆపితే వినేవాళ్ళకు ‘దాని యొక్క’ అని తోచి, తర్వాత ఏదో నామవాచకం వస్తుందని ఎదురు చూస్తారు. ‘దాని గ్రహింపకుండెను’ ఒకే ఊపిరిలో రావాలి. ‘కుం’ మీద ఒత్తొద్దు.

పాకాల పాఠకురాలు:
అందరికీ వందనాలు. అర్థం తేలలేదు గానీ పాఠం తేలింది, ‘గ్రహింపకుండెను’ అనే వేయిస్తాను. డీటీపీ నుంచి వచ్చిన నమూనాలో ‘గ్రహింప కుండెను’ అని మధ్యలో ఖాళీ వచ్చింది. ఫ్లెక్సీ 8 అడుగులు × 3 అడుగులు.

పలమనేరు వ్యాకరణం:
ఖాళీ తీయించండమ్మా. విడగొడితే ‘కుండ’ అనే మాట కనపడుతుంది. వరుస చాలలేదని అట్ల విరుస్తారు. మూడు వరుసలు చేయండి: ‘ఆ వెలుగు చీకటిలో’ / ‘ప్రకాశించుచున్నది గాని’ / ‘చీకటి దాని గ్రహింపకుండెను’. మూడోది పొడుగు కాబట్టి అక్షరం సైజు దానికి సరిపెట్టి, పై రెండూ అదే సైజులో ఉంచమనండి. ‘ప్రకాశించుచున్నాది’ అని దీర్ఘం కూడా పడుతుంటుంది, ఒకసారి చూసుకోండి.

పాకాల పాఠకురాలు:
సరే మాస్టారూ. రెండో ఫ్లెక్సీకి 8:12 అనుకున్నాం: ‘నేను లోకమునకు వెలుగును, నన్ను వెంబడించువాడు చీకటిలో నడువక జీవపు వెలుగుగలిగి యుండును’. ఇందులో ‘జీవపు వెలుగు’ అంటే జీవం ఇచ్చే వెలుగా, జీవమే అయిన వెలుగా?

కాళహస్తి కలం:
జీవం ఇచ్చే వెలుగే.

చంద్రగిరి పద్యం:
కాదు. ‘దీపపు వెలుగు’ అంటే దీపం నుంచి వచ్చేది కదా. అట్లే జీవం నుంచి వచ్చే వెలుగు. 1:4లో ‘ఆ జీవము మనుష్యులకు వెలుగైయుండెను’ అన్నది కూడా ఆ వరసే.

పలమనేరు వ్యాకరణం:
‘-పు’ ఒక్కదాన్ని బట్టి తేల్చలేం. ‘కోపపు చూపు’లో కోపం చూపు నుంచి రాదు, చూపులో ఉంటుంది. దీనికి వేరే పోస్టు పెట్టండి, ‘గలిగి యుండును’ కూడా అందులోకి రావాలి. వెలుగులో ఉండును అనలేదు, వెలుగు గలిగి ఉండును అన్నాడు.

పాకాల పాఠకురాలు:
రేపు పెడతాను. వరుస మాత్రం ‘జీవపు’ దగ్గర విరుగుతోంది.

నగరి సరిహద్దు:
అక్కడ వద్దక్కా. ‘నడువక’ దగ్గర విరిచి, ‘జీవపు వెలుగుగలిగి యుండును’ మొత్తం కింది వరుసలోకి దించండి.