అనులేఖన కారకాలు జన్యువులను ‘నియంత్రిస్తాయా’, ‘రాయిస్తాయా’?

ప్రశ్న: కొవ్వు కణాలు ఏర్పడే తీరు మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ‘అనులేఖన కారకాలు (డీఎన్‌ఏకు అంటుకునే ఒక రకం ప్రోటీన్లు, transcription factors) జన్యువులను నియంత్రిస్తాయి’ అన్న వాక్యం చదివినవారు, అవి జన్యువులను అణచిపెడతాయని అర్థం చేసుకున్నారు. ఇంతకంటే తగిన క్రియ ఏదైనా ఉన్నదా?

జవాబు: చదివినవారిని తప్పుపట్టలేమండి. ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ, కోపాన్ని నియంత్రించుకోవడం అని వాడి వాడి, ఆ మాటకు అదుపు చేయడమనే అర్థాన్నే మనం స్థిరపరిచాం. మీరు చెప్పబోయే కథలో జరిగేది చాలావరకు దానికి ఎదురు. జన్యువులోని సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా రాసేది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము. అనులేఖన కారకం తానుగా ఒక్క అక్షరమూ రాయదు; డీఎన్‌ఏలో తనకు సరిపడే వరుస ఉన్నచోట అంటుకొని, తోడు ప్రోటీన్లను రప్పించి, ఆ ఎంజైము చేత రాయిస్తుంది, లేదా దానిని రాయనివ్వదు. వ్యాకరణ పరిభాషలో కారకం ప్రయోజక కర్త, అంటే చేయించేది; పాలిమరేజ్ ప్రయోజ్య కర్త, అంటే దాని ప్రేరణతో చేసేది. ప్రేరణార్థకం ఇంత సులువుగా పలికే భాషలో ‘నియంత్రించు’ దగ్గరే ఆగిపోవలసిన అవసరం నాకు కనిపించదు.

మీ అంశానికే అన్వయించి చూద్దాం. 1970లలో హోవర్డ్ గ్రీన్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాల చిట్టెలుక పిండాల నుంచి రూపొందించిన, కొవ్వు కణాలుగా మారగల 3టీ3-ఎల్1 కణాలకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఐబీఎంఎక్స్ అనే రసాయనం, ఇన్సులిన్ కలిపి ఇస్తే, కొద్ది గంటల్లోనే సీఈబీపీ బీటా, సీఈబీపీ డెల్టా అనే కారకాలు పెరుగుతాయి. అవి పీపార్ గామా, సీఈబీపీ ఆల్ఫా అనే మరో రెండు కారకాల జన్యువులను రాయిస్తాయి. ఆపైన ఈ రెండూ ఒకదాని జన్యువును మరొకటి రాయించుకుంటూ, మొదటి సంకేతం తొలగిపోయాక కూడా కణాన్ని కొవ్వు కణంగా మారే దారిలోనే నిలబెడతాయి. ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో ప్రోటీనుతో జతకట్టిన పీపార్ గామా, కొవ్వు ఆమ్లాలను మోసే ప్రోటీను, కొవ్వు బొట్టును కప్పి ఉంచే పెరిలిపిన్, అడిపోనెక్టిన్ హార్మోను మొదలైనవాటి జన్యువులను రాయిస్తుంది.

పీపార్ గామాకూ, సీఈబీపీ ఆల్ఫాకూ సమాన హోదా ఇవ్వకండి. 1994లో పీటర్ టొంటొనోజ్, బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం పీపార్ గామాను ఫైబ్రోబ్లాస్టులు అనే సంధాయక కణజాలపు కణాలలో ప్రవేశపెట్టి, వాటిని కొవ్వు కణాలుగా మార్చగలిగింది. తరువాతి ప్రయోగాలలో, పీపార్ గామా లేని కణాలకు సీఈబీపీ ఆల్ఫాను ఎంత అందించినా అవి కొవ్వు కణాలు కాలేదు; సీఈబీపీ ఆల్ఫా లేనివి మాత్రం పీపార్ గామా అందితే కొవ్వు కణాలయ్యాయి, కాకపోతే ఇన్సులిన్‌కు సరిగా స్పందించలేదు.

ఇక గాటా-2, గాటా-3 అనే కారకాలు, ఇంకా కొవ్వు కణాలుగా మారని తొలిదశ కణాలలో పీపార్ గామా జన్యువును రాయనివ్వవు. మీ పాఠకులు అనుకున్న ‘అణచడం’ ఇక్కడ అక్షరాలా నిజం.

మరొక సభ్యుని అభ్యంతరం: వాక్యంలో ‘రాయించు’ బాగానే ఉంది. కానీ పెంచడం, తగ్గించడం రెండింటినీ పొదువుకునే నామవాచకం శీర్షికలకు కావాలి కదా? ‘జన్యు రాయింపు’ అంటే ఎవరికీ అర్థం కాదు.

జవాబు: అంగీకరిస్తాను. పాఠ్యపుస్తకాలలో పాతుకుపోయిన ‘జన్యు నియంత్రణ’ను శీర్షికలో ఉండనివ్వవచ్చు, నా అభ్యంతరమంతా, ఏ కారకం ఏ జన్యువును ఏం చేస్తుందో చెప్పవలసిన వాక్యంలో దానిని వాడడం మీదనే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. మధుమేహానికి వాడే పయోగ్లిటజోన్ పీపార్ గామాకు అంటుకొని దానిని చురుకుగా పనిచేయిస్తుందని నా వ్యాసంలో ఒక పేరా ఉంది. రాయించేదానిని పురికొల్పే ఈ మందును ఏమనాలి?

జవాబు: ‘రాయింపజేస్తుంది’ అనండి. ప్రేరణ మీద మరో ప్రేరణ మన వ్యాకరణానికి కొత్త కాదు. ఆ మందు వాడేవారిలో కొందరికి కొవ్వు పెరిగి బరువు హెచ్చడానికి ఒక కారణం కూడా ఆ ఒక్క క్రియాపదంలోనే ఇమిడిపోతుంది. ఒంట్లో నీరు చేరడం రెండో కారణం, దానిని వేరే వాక్యంలో చెప్పండి.